ముప్పై ఏడో నంబరు కార్డుకు అయిదో నష్టం

పెచ్చెట్టి గవర్రాజు కోరిక చాలా చిన్నది. ఉగాదికి ముందొచ్చే ఆదివారం తణుకు టౌను హాల్లో పాత క్రికెట్ కార్డుల ప్రదర్శన పెడుతున్నారు. ఆ అద్దాల పెట్టెలో తన దగ్గరున్న ఒకే ఒక్క కార్డు ఉండాలి. దాని కింద అగ్గిపెట్టెంత చీటీ మీద 'పెచ్చెట్టి గవర్రాజు గారి సేకరణ నుండి' అని ఉండాలి. అంతే. ఆయన మోటార్లకు వైండింగ్ చేసే మనిషి. ఊళ్లో సగం బోర్లు ఆయన చుట్టిన రాగితీగ మీదే నీళ్లు పోస్తున్నాయి. ఆ తీగ మోటారు లోపల ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. నలభై ఆరేళ్లొచ్చాక ఒక్కసారైనా తన పేరు అద్దం వెనక చూసుకోవాలనుకోవడం తప్పంటారా?

మీలో నలభై దాటినవాళ్లకు ఆ కార్డులు గుర్తుండే ఉంటాయి. బబుల్ గమ్ పొట్లంలో గమ్మంత అట్టముక్క వచ్చేది, దాని మీద ఓ ఆటగాడి బొమ్మ ఉండేది. మొత్తం నలభై కార్డులు. ముప్పై తొమ్మిది ఎక్కడపడితే అక్కడ దొరికేవి. ముప్పై ఏడో నంబరు మాత్రం దొరికేది కాదు. అందులో ఉన్నది ఓ ఎడంచేతి స్పిన్నరు, పేరెందుకు లెండి, పాపం ఆయన ఆడిందే మూడు మ్యాచ్‌లు. నాలుగో మ్యాచ్‌కి ఆయన్ని తీసేశారు, గమ్ కంపెనీవాళ్లు ఆ కార్డు అచ్చెయ్యడం ఆపేశారు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో అది ఉన్నది గవర్రాజు దగ్గరే.

మరి పట్టుకెళ్లి అద్దాల పెట్టెలో పెట్టెయ్యొచ్చుగా అంటారా? అక్కడే ఉంది తిరకాసు. ప్రదర్శన పెడుతున్నది 'గోదావరి ప్రాంత పాత క్రికెట్ కార్డుల సేకర్తల సమాఖ్య'. దానికి అధ్యక్షులు పేరిచర్ల అప్పలనరసింహరాజు గారు, సబ్‌రిజిస్ట్రారుగా చేసి దిగిపోయారు. కార్యదర్శి కొమాండూరి శేషాచార్యులు గారు, ట్రెజరీలో ముప్పై అయిదేళ్లు చేసి దిగిపోయారు. ఇద్దరూ ఉద్యోగంలోంచి దిగారు గానీ, ఉద్యోగం వాళ్లలోంచి దిగలేదు. బస్టాండు దగ్గర జిరాక్సు షాపు మీద మేడగదిలో వాళ్ల కార్యాలయం. ఒక బల్ల, ఒక బీరువా, ఏడు రబ్బరు స్టాంపులు, ఒక పంచింగ్ మిషను.

ఈ సమాఖ్య మొదట్లో బుద్ధిగానే ఉండేది. ఆదివారం పదిమందీ చేరి, కార్డులు చూసుకుని, మిరపకాయ బజ్జీలు తిని ఇళ్లకు పోయేవారు. మూడేళ్ల కిందట ఓ పెద్దమనిషి నిగనిగలాడే కార్డొకటి తెచ్చాడు. మడత లేదు, మరక లేదు. అందరూ ఆహా అన్నారు. తీరా చూస్తే అది కింద జిరాక్సు షాపులో ముందు వారమే అచ్చయింది! దాంతో సమాఖ్యకు ఒళ్లు మండి తీర్మానం నంబరు ఒకటి చేసింది: ముప్పై ఏళ్ల కార్డుకు అరుగుదల ఉండి తీరాలి, లేనిది నకిలీ. నెల తిరక్కుండా ఊళ్లో కార్డులన్నీ ముసలివైపోయాయి. ఒకరు టీలో ముంచారు. ఒకరు వెనక జేబులో పెట్టుకుని పాలకొల్లు దాకా బస్సులో కూర్చున్నారు. ఒకాయన మనవడి చేతికిచ్చి "నీ ఇష్టం నాన్నా" అన్నాడు. అప్పుడు తీర్మానం నంబరు రెండు: అరుగుదల అసలైనదై ఉండాలి. అసలైనదని తెలిసేదెలా? చేసినవాడు ఒప్పుకుంటే తెలుస్తుంది. కాబట్టి తీర్మానం నంబరు మూడు: ప్రతి నష్టానికీ, ఆ నష్టం చేసినవారు స్వయంగా సంతకం పెట్టిన 'నష్ట అంగీకార పత్రము', నమూనా ఏడు, జతపరచవలెను. నమూనా ఒకటి నుంచి ఆరు దాకా ఏమిటని నన్నడక్కండి, సమాఖ్యలోనే ఎవరికీ తెలియదు.

గవర్రాజు షాపు కట్టేసి, చేతికి అంటిన వార్నిష్ కిరసనాయిలుతో కడుక్కుని, కార్డు పట్టుకుని మేడెక్కాడు.

ఆచార్యులు గారు భూతద్దం పెట్టి పావుగంట చూశారు. తర్వాత పైకి చదువుతూ రాసుకున్నారు.

"కుడి ఎగువ మూల యందు మడత, ఒకటి. మధ్య భాగమున తైల సంబంధమైన మరక, ఒకటి. ఎడమ అంచున కొరుకుడు, ఒకటి. దిగువ అంచున అర అంగుళము చిరుగు, ఒకటి. వెరసి నాలుగు నష్టములు."

"శుభం," అన్నారు అధ్యక్షులు రాజు గారు. "మూడుకు తగ్గితే అనుమానాస్పదము. అయిదు దాటితే జీర్ణము. మీది సలక్షణమైన కార్డు గవర్రాజు గారూ. ఇక కర్తలను చెప్పండి. మడత ఎవరిది?"

"నాదేనండి. చొక్కా జేబులో పెట్టుకుని ఈదడానికి కాలవలో దిగబోయి, గుర్తొచ్చి తీశానండి. ఆ తియ్యడంలో మడతపడింది."

"మరక?"

"మా నూకరత్నం అక్కదండి. ఆవకాయ తింటా పట్టుకుంది."

"కొరుకుడు?"

"ఎలకండి."

ఆచార్యులు గారు కలం ఆపకుండా, "పేరు?" అన్నారు.

"ఎలక్కి పేరేంటండి?"

"పత్రంలో గడి ఉంది మరి. పోనీ, సదరు ఎలుక జీవించి ఉన్నదా?"

"ముప్పై మూడేళ్ల కిందటి ఎలకండి బాబూ!"

"అయితే వారసులు?"

"మా వీధిలో తిరిగేయన్నీ వారసులేనండి. ఏదాన్ని పట్టుకురమ్మంటారు?"

రాజు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. ఆయన సర్వీసులో ఎన్ని చిక్కు దస్తావేజులు చూసి ఉంటారు, ఎలుక ఒక లెక్కా? "నష్టకర్త మూషికమై, హాజరు కాజాలని పక్షమున, ఇద్దరు పెద్దమనుషులు సదరు మూషికము దురుద్దేశరహితముగా కొరికినదని ధ్రువీకరించిన చాలును. రాసుకోండి ఆచార్యులు గారూ."

"దురుద్దేశం లేదని ఎలా చెప్పేదండి?"

"అది ఆకలి మీద కొరికిందా, కోపం మీద కొరికిందా అన్నది తేలాలి కదండీ. ఇక చిరుగు. చిరుగు ఎవరిది?"

గవర్రాజు మొహం వాడిపోయింది. "అది బళ్ల భీమశంకరం చేశాడండి," అన్నాడు.

"వారి సంతకం తెండి."

"మాకు మాటల్లేవండి. ముప్పై మూడేళ్లయింది."

"మాటలు అవసరం లేదు. సంతకం చాలు," అన్నారు రాజు గారు ఎంతో ఉదారంగా.

ఈ భీమశంకరం ఎవరో చెప్పాలి. ఎనిమిదో తరగతిలో గవర్రాజు బెంచీ మీద పక్కవాడు. ముప్పై ఏడో నంబరు వచ్చిన పొట్లం ఇద్దరూ చెరి సగం వేసుకుని కొన్నది. గమ్మును బ్లేడుతో రెండు ముక్కలు చేసుకున్నారు. కార్డును చెయ్యలేరు కదా? అందుకని వారాలు పెట్టుకున్నారు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒకడి దగ్గర, మళ్లీ సోమవారం బళ్లో రెండోవాడికి అప్పగింత. ఏడు నెలలు ఏ గొడవా లేకుండా నడిచింది. ఒక సోమవారం గవర్రాజు చేతికొచ్చిన కార్డు కింద అర అంగుళం చిరిగి, దాని మీద అన్నం మెతుకు పెట్టి అతికించి ఉంది. నువ్వు చింపావంటే నువ్వు చింపావనుకున్నారు. చొక్కాలు పట్టుకున్నారు. ఆ వారంతో వారాలు ఆగిపోయాయి, కార్డు గవర్రాజు దగ్గర ఉండిపోయింది. భీమశంకరం వాళ్లు తర్వాత కడియం వెళ్లి మొక్కల నర్సరీ పెట్టుకున్నారు. గంట ప్రయాణం. అర అంగుళం కోసం ఆ గంట ప్రయాణం ఇద్దరూ ఎప్పుడూ చెయ్యలేదు.

"ఎల్లిరండి," అంది గవర్రాజు భార్య మంగతాయారు, అన్నం వడ్డిస్తూ. "పెళ్లిచూపుల్లో నా పేరు అడక్కుండా ఆ చిరుగు గురించే చెప్పారు మీరు. ఇన్నేళ్లుగా వింటన్నాను. ఆయనెవరో గానీ ఆ సంతకమేదో పెట్టేస్తే నా చెవులు చల్లబడతాయి."

"ఆడు పెట్టడే. మొండోడు."

"మీరు కాదేంటి?"

మర్నాడు పొద్దున్నే గవర్రాజు మోటారు సైకిలు మీద కడియం వెళ్లాడు. దారి పొడుగునా ఏమనాలో, ఏమంటే ఏమంటాడో అనుకుంటూ వెళ్లాడు. భీమశంకరం క్రోటన్ కుండీల మధ్య నిలబడి గొట్టంతో నీళ్లు పెడుతున్నాడు. జుట్టంతా నెరిసింది, నిలబడే తీరు మాత్రం మారలేదు, అప్పట్లాగే ఒక కాలు మీద బరువేసి నిలబడ్డాడు.

"ఏం మొక్కలు కావాలండి?" అన్నాడు తల తిప్పకుండా.

"నేన్రా."

తల తిరిగింది. తలతోపాటు గొట్టం కూడా తిరిగి, గవర్రాజు ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. వాడు గొట్టం పక్కకు తిప్పలేదు, వీడు పక్కకు జరగలేదు.

"గవర్రాజా? బాగా లావయ్యావేంట్రోయ్!"

"నీకు జుట్టు నెరిసింది."

అంతవరకూ బాగానే ఉంది. గవర్రాజు తిన్నగా జేబులోంచి నమూనా ఏడు తీసి చేతిలో పెట్టాడు. భీమశంకరం కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

"'బళ్ల భీమశంకరం అను నేను, సదరు కార్డు యొక్క దిగువ అంచును స్వయముగా, స్వబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేక చింపితినని...' ఇదేంట్రా, హత్య కేసా?"

గవర్రాజు సమాఖ్య సంగతి, అద్దాల పెట్టె సంగతి, చీటీ సంగతి అంతా చెప్పాడు. ఎలుక దగ్గరికొచ్చేసరికి భీమశంకరం కుండీ మీద కూలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఒరే, నేను చింపలేదురా," అన్నాడు. "అప్పుడూ అదే చెప్పాను. ఆదివారం తీసి చూసేసరికి అలాగే ఉంది. నీ వారంలో చిరిగుంటది, నేను చూసుకోలేదు అనుకున్నాను."

"నా వారంలో చిరగలేదు."

"సరే. కలమియ్యి."

"చింపలేదన్నావు కదరా!"

"చింపలేదు. చింపలేదని ఇన్నేళ్లు చెప్పి ఏం బావుకున్నాను? నా పెళ్లికి నువ్వు రాలేదు, మీ నాన్న పోతే నేను రాలేదు. చింపానని ఒక్క సంతకం పెడితే నువ్వు మా ఇంట్లో కాఫీ తాగి ఎల్తావు. తాగుతావా లేదా?"

గవర్రాజు జేబులోంచి కలం తీసిచ్చాడు. తాగుతానన్నట్టు తలూపాడు. భీమశంకరం కుండీ మీద కాగితం పెట్టి, మట్టి చేత్తో పెద్ద సంతకం గీసిపారేశాడు. కాఫీ తాగారు, ఉప్మా తిన్నారు, మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే అయింది. వచ్చేటప్పుడు మోటారు సైకిలుకు రెండు గులాబీ అంట్లు కట్టించుకుని వచ్చాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఉండ్రాజవరం నుంచి నూకరత్నం అక్క వచ్చి కూర్చుని ఉంది. ఆవకాయ మరక తనదేనని ఒకటి, ఎలుకకు దురుద్దేశం లేదని ఒకటి, రెండు సంతకాలు పెట్టింది. ఎలుకకు రెండో సాక్షి మంగతాయారు. పెట్టాక అక్క, భీమశంకరం సంతకం పెట్టిచ్చిన కాగితం పక్కనే కనపడితే చదివి, ముక్కు మీద వేలేసుకుంది.

"ఓరి ఓరి! ఆ శంకరం ఎందుకు చింపాడురా? అది చిరిగింది నా చేతిలో కదా. ఓ ఆదివారం నీకోసం వచ్చి, నువ్వు లేకపోతే కార్డు అరుగు మీద పెట్టి మంచినీళ్లకి లోపలికెళ్లాడు. దాని మీద నా పాత ఆవకాయ మరక ఉంది కదా. అది పోగొడదామనుకున్నాను. పైటచెంగుతో తుడవబోతే కింద పర్రుమంది. భయమేసి మెతుకు పెట్టి అతికించేశాను."

గవర్రాజు ఆ కాగితం లాక్కున్నాడు. "మరి చెప్పలేదేమే అక్కా!"

"చెబితే ఏడుస్తావని ఆ రోజు చెప్పలేదు. తర్వాత మర్చిపోయాను. మీరిద్దరూ మాట్లాడుకోంది దీనికా? పొలం గట్టు తగాదా ఏదో అనుకున్నానర్రా ఇన్నాళ్లూ!"

చిరుగు తనదేనని అక్క ఇంకో పత్రం మీద కూడా సంతకం పెట్టేసింది. గవర్రాజు కడియం ఫోను చేసి చెప్పాడు. భీమశంకరం, "మీ అక్కని ఆవకాయ పంపించమను, సరిపోద్ది," అన్నాడు.

మర్నాడు గవర్రాజు అన్ని పత్రాలూ తీసుకుని మేడెక్కాడు. చిరుగుకు రెండు అంగీకార పత్రాలు వచ్చాయని ఆచార్యులు గారు నొచ్చుకున్నారు. ఒక నష్టానికి ఒక కర్తే ఉండాలి, ఇద్దరుంటే అధిక బాధ్యత కిందికి వస్తుంది, దానికి నమూనా లేదు. చివరికి ముందు సంతకమైనదాన్ని ఉంచుకుని అక్క కాగితం తిరిగి ఇచ్చేశారు. కార్డు, పత్రాలు కలిపి ఫైల్లో పెట్టి, "వచ్చే శుక్రవారం రండి. మీ చీటీ కూడా టైపు చేయిస్తున్నాం," అన్నారు. ఆ వారమంతా గవర్రాజు కాలు నేలమీద ఆనలేదు. షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ప్రదర్శనకు ఇంకా రెండు వారాలకు పైగా ఉన్నా మంగతాయారు అప్పుడే చీర ఇస్త్రీ చేయించింది.

శుక్రవారం ఆచార్యులు గారు బీరువాలోంచి ఫైలు తీశారు. చూడముచ్చటగా ఉంది. పత్రాలన్నీ అంచులు కలిపి, ఎడమ పైమూల చిల్లు చేసి, ఆకుపచ్చ ట్యాగు దూర్చి ముడేశారు. అన్నిటికంటే పైన కార్డు ఉంది. కార్డుకూ చిల్లుంది. ట్యాగు దాంట్లోంచే వచ్చింది. స్పిన్నరు వెనకాల నిలబడ్డ అంపైరుకు తల ఉండాల్సిన చోట ఇప్పుడు ట్యాగు ముడి ఉంది.

గవర్రాజు ఆ ముడి మీద వేలు పెట్టి చూశాడు. రాజు గారే ముందు తేరుకున్నారు.

"అయిదవ నష్టము," అన్నారు. "కంగారు పడకండి, అయిదు వరకూ అంగీకారయోగ్యమే. దీని కర్త సంతకం కూడా జతచేసెయ్యండి."

"ఇది మీ పంచింగ్ మిషను చేసిందండి!"

"మిషను సమాఖ్య ఆస్తి. ఆస్తి సంతకం పెట్టజాలదు కదా."

"మిషన్ని నొక్కినోరు ఉంటారు కదండీ. నొక్కినోరు పెడితే సరిపోద్ది."

గదిలో ఉన్నది ముగ్గురు. గవర్రాజు ఆచార్యులు గారి వంక చూశాడు. ఆచార్యులు గారు రాజు గారి వంక చూశారు. రాజు గారు గోడ మీద క్యాలెండరు వంక చూశారు. చూసి, ఈ విషయంపై ఏకసభ్య విచారణ సంఘం వేస్తున్నట్టు ప్రకటించారు. కార్యాలయ వ్యవహారాలు బాగా తెలిసినవారు కాబట్టి ఆ ఏకసభ్యుడు ఆచార్యులు గారే.

విచారణ చాలా నిష్పక్షపాతంగా జరిగింది. విచారణాధికారి హోదాలో ఆచార్యులు గారు, కార్యదర్శి హోదాలో ఉన్న ఆచార్యులు గారికి రిజిస్టరు పోస్టులో సంజాయిషీ నోటీసు పంపారు. అది ఆ బల్ల మీదనుంచి బయల్దేరి రెండ్రోజులకు మళ్లీ ఆ బల్ల మీదికే వచ్చింది. కార్యదర్శి గారు మోకాలి నొప్పి కారణంగా జవాబుకు పది రోజులు గడువు కోరారు. విచారణాధికారి గారికి కూడా మోకాలి నొప్పి ఉంది కాబట్టి ఆ బాధ తెలుసు, అయినా కఠినంగా వారమే ఇచ్చారు. ఎనిమిదో రోజుకు నివేదిక వచ్చింది. నా మాట నమ్మరని అందులోది ఉన్నదున్నట్టు చెబుతాను.

'రంధ్రము గుండ్రముగా ఉన్నది. మూషికములు గుండ్రముగా కొరకవు. కార్యాలయమున రంధ్రము చేసినవారు ఎవరేని ఉన్నచో వారు నమూనా ఏడు సమర్పించియుండెడివారు. సమర్పించలేదు కావున అట్టివారు లేరు. కావున సదరు రంధ్రము తయారీదారులు చేసినదే. ఇది ఈ కార్డుల అసలు లక్షణముగా భావించవలెను.'

"మరి మొదటి రోజు నాలుగు నష్టాలే అని మీరే రాశారు కదండీ!" అన్నాడు గవర్రాజు.

"రంధ్రమంటే ఏమిటి? అక్కడ ఏమీ లేకపోవడం. లేనిది ఆనాడు కనపడలేదంటే వింతేముందండీ?" అన్నారు రాజు గారు.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. నివేదిక బయటికొచ్చిన సాయంత్రానికల్లా మిగతా సభ్యుల గుండెల్లో రాయి పడింది. రంధ్రం అసలు లక్షణమైతే, రంధ్రం లేని తమ కార్డుల గతేంటి? నకిలీలేనా? రాజు గారు అత్యవసర సమావేశం పెట్టారు. ముప్పై తొమ్మిది కార్డులకు రంధ్రం 'కాలక్రమేణా పూడిపోయి ఉండవచ్చునని' తేల్చి, 'రంధ్ర పునరుద్ధరణ' చేయించుకోవాలని తీర్మానించారు. అది నష్టం కిందికి రాదు, కాబట్టి సంతకాలు అక్కర్లేదు. మర్నాడు పొద్దున జిరాక్సు షాపు మెట్ల మీద వరసకట్టారు జనం, చంటిపిల్లలకు చెవులు కుట్టించడానికి తెచ్చినట్టు కార్డులు గుండెకు హత్తుకుని. పైన పంచింగ్ మిషను టక్కు టక్కుమంటూనే ఉంది. ముప్పై ఏళ్లు ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, గాలి కూడా తగలనివ్వకుండా దాచుకున్న పెద్దమనిషొకాయన చిల్లుపడ్డ కార్డు పట్టుకుని దిగుతూ, "పోన్లెండి, ఇప్పటికి అసలైనదయింది," అని నిట్టూర్చాడు.

శనివారం గవర్రాజుకు కబురొచ్చింది. ఒక సంతకం చేసిపోవాలట. భీమశంకరం ఆ రోజు తణుకులోనే ఉన్నాడు, అక్క ఆవకాయ సీసా తీసుకెళ్లడానికి వచ్చాడు. ఇద్దరూ కలిసి మేడెక్కారు.

బల్ల మీద టైపు చేసిన చీటీ ఉంది. 'పెచ్చెట్టి గవర్రాజు గారి సేకరణ నుండి.' అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. దాని పక్కన ఇంకో కాగితం: 'సదరు రంధ్రము నేను కార్డును పొందిన నాటి నుండియు కలదని ధ్రువీకరించుచున్నాను.'

"ఇక్కడ ఒక్క సంతకం," అన్నారు రాజు గారు. "రేపు పొద్దున మీ పేరు పెట్టెలో ఉంటుంది."

గవర్రాజు కలం తీసుకున్నాడు. అబద్ధమెందుకు, చీటీ చూస్తే ఆయన మనసు లాగింది. ఎంతలో పని? షాపులో అందరికీ చెప్పుకున్నాడు, ఇస్త్రీ చీర ఇంట్లో కొక్కేనికి వేలాడుతోంది. చెయ్యి కాగితం మీద పెట్టాడు, కానీ ముందుకు కదల్లేదు.

ఆ అవస్థ చూసి భీమశంకరం, "అయ్యా, ఆ చిల్లు నేను పెట్టానని రాసుకోండి. నమూనా ఏడు ఇలాగియ్యండి. నాకు అలవాటే," అన్నాడు.

రాజు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వద్దు! వద్దు! మీరు ఒప్పుకోకూడదు!"

"అదేంటండి, ఒప్పుకుంటే గానీ కుదరదన్నారంట కదా!"

"అది పూర్వం! ఇప్పుడు మీరు పెట్టారని తేలితే అది అసలు లక్షణం కాకుండా పోతుంది. ఆ ముప్పై తొమ్మిది చిల్లులకూ ఎవరు జవాబుదారీ? దయచేసి మీ అంగీకారాన్ని ఉపసంహరించుకోండి."

గవర్రాజు కలం కింద పెట్టేశాడు. ఆయన పెద్ద మాటకారి కాదు, కోపం కూడా చప్పున రాదు. ఆ వేళ మాత్రం వచ్చింది.

"రాజు గారండీ, చిరుగుకి ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకామె నిజంగా చింపి ఒప్పుకుంది. ఈడు చింపకుండానే ఒప్పుకున్నాడు, నాకోసం. ఎలక తరఫున కూడా ఇద్దరొచ్చారండి. మీ చిల్లుకి ఒక్కరు దొరకలేదు. ఆళ్లందరి పేర్లూ నా కార్డు మీద ఉన్నాయి, అయ్యి చాలు. ఆ చీటీ మీరే ఉంచుకోండి."

ఫైలు ముడి విప్పి కార్డు తీసుకున్నాడు. ట్యాగు బల్ల మీదే వదిలేశాడు. సగం మెట్లు దిగాక వెనకనుంచి మోకాలు పట్టుకుని ఆచార్యులు గారు వచ్చారు. పైకి ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"గవర్రాజు గారూ. నొక్కింది నేనేనండి. కావాలని కాదు. ముప్పై అయిదేళ్ల అలవాటు. నాలుగు కాగితాలు ఒకచోట కనిపిస్తే చెయ్యి దానంతటదే మిషను మీదికి పోతుంది. మా అమ్మాయి శుభలేఖకు కూడా చిల్లు పెట్టాను."

"ఆ మాట పైన ఒక్క ముక్క రాసుంటే పోయేది కదండీ, ఆచార్యులు గారూ!"

"అనగలను బాబూ. రాయమంటే చెయ్యి రాదు." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. జేబులోంచి ఇందాకటి ఆకుపచ్చ ట్యాగు తీసి గవర్రాజు చేతిలో పెట్టారు. "ఇది మాత్రం ఉంచండి. ఆ చిల్లు పెట్టినందుకు నేనిచ్చుకోగలిగింది ఇంతే."

ఆదివారం ప్రదర్శన ఘనంగా జరిగింది. ముప్పై తొమ్మిది కార్డులు, ముప్పై తొమ్మిది చిల్లులు. ముప్పై ఏడో గడి ఖాళీగా ఉంది. దాని కింద చీటీ మీద 'పరిశీలనలో ఉన్నది' అని ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కువసేపు నిలబడింది ఆ ఖాళీ దగ్గరేనట. మంగతాయారు చీర వృథా పోలేదు. అది కట్టుకుని, ఆడబిడ్డను వెంటబెట్టుకుని, అందరూ కడియం వెళ్లి భోజనాలు చేసి వచ్చారు.

కార్డు ఇప్పుడు వైండింగ్ షాపులో, లోపలికి రాగానే ఎదురుగా, ఆకుపచ్చ ట్యాగుతో మేకుకు వేలాడుతోంది. ఒక వారం ఇక్కడ. సోమవారం సోమవారం ఎవరో ఒకరు పట్టుకెళ్తారు, రెండో వారం కడియంలో మొక్కలమ్మే పాక గుంజకు వేలాడుతుంది. మొన్న సోమవారం భీమశంకరం తెచ్చి ఇస్తే గవర్రాజు వెలుతురుకు పెట్టి చూశాడు. స్పిన్నరు కాళ్ల దగ్గర ఎర్రమట్టి వేలిముద్ర ఒకటి కొత్తగా ఉంది.

"ఇదెవరిదిరా?"

"నాదే," అన్నాడు భీమశంకరం. "మొక్క నాటుతూ పట్టుకున్నాను."

గవర్రాజు కార్డును మేకుకు తగిలించి, "సరే, కాఫీ తాగుదాం రా," అన్నాడు.